పడమటి గది గోడ

4 సెప్టెంబరు 1978

ఈ రోజు మా లైబ్రరీకి కొత్త లైబ్రేరియన్ వచ్చింది. పేరు ఆర్. మంగళ. వయసు ఇరవై ఆరు. రెడ్డియార్‌పాళయంలో వాళ్ళ నాన్నకు ఇనుప సామాన్ల కొట్టు. మద్రాసులో లైబ్రరీ డిగ్రీ చదివిందట. పుస్తకాలు సర్దడానికి కూడా ఒక డిగ్రీ ఉంటుందని నాకు ఈ యాభై రెండో ఏట తెలిసింది.

లైబ్రరీ నడిపే సంఘం సెక్రటరీ సీతాపతి కుర్చీ తుడిపించి మరీ కూర్చోబెట్టాడు. ఆ కుర్చీలో పెద్ద లైబ్రేరియన్ పోయిన ఈ ఎనిమిది నెలలూ కూర్చున్నది నేను. పనిచేసిందీ నేనే. "వీరాసామి మనకు ఇరవై రెండేండ్లుగా అసిస్టెంటు. ఏ పుస్తకం యాడుండాదో కండ్లు మూసుకోని చెప్తాడు" అన్నాడు, గుడి ఏనుగును చూపించినట్టు.

ఆమె నమస్కారం చేసి "మీరే నేర్పియ్యాల మామా" అంది. నేను నవ్వాను.

నాకు ఎవరి మీదా కోపం లేదు. ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

5 సెప్టెంబరు

నా కుర్చీ కిటికీ దగ్గరినుంచి జరిపించింది. అక్కడ కార్డుల బీరువా వస్తుందట.

11 సెప్టెంబరు

"క్యాటలాగు యాడుండాది మామా?" అని అడిగింది. నుదురు తట్టి చూపించాను. ఐదువేల చిల్లర తమిళం, పదిహేడు వందల తెలుగు, వెయ్యి ఇంగ్లీషు, ఇంకా చెద తినగా మిగిలిన ఫ్రెంచి రెండు బీరువాలు. అన్నీ ఇక్కడే ఉన్నాయి. పాఠకుడు కౌంటరు దగ్గర నిలబడి పేరు చెప్తాడు. నేను లోపలికి వెళ్ళి తెచ్చి ఇస్తాను. బీరువాల తాళాలు నా నడుముకే ఉంటాయి. ఇరవై రెండేళ్ళలో నేను తేలేకపోయిన పుస్తకం లేదు.

ఆమె మెచ్చుకుంటుందనుకున్నాను. "మీకు జొరమొస్తే లైబ్రరీకి జొరమొచ్చినట్టే గదా మామా" అంది.

ఎంత మాట. సంఘం పెద్దలు కూడా నన్ను ఇలా అనలేదు.

దశాంశ నంబర్లు వేస్తుందట. వైద్యానికి ఒక నంబరు, వంటకు ఒకటి, దేవుడికి ఒకటి. ప్రతి పుస్తకం వీపున ఒక చీటీ, ప్రతి పుస్తకానికి మూడు కార్డులు. పేరుతో వెతికినా, రాసినవాడి పేరుతో వెతికినా, విషయంతో వెతికినా దొరకాలట. ఎవరు వెతుకుతారు? నన్ను అడిగితే పోదా?

16 సెప్టెంబరు

పనుల జాబితా టైపు చేయించి తెచ్చింది. ఇంగ్లీషులో. లైబ్రేరియన్ పనులు పద్నాలుగు, అసిస్టెంటు పనులు పదకొండు. ఉదయం తలుపులు తీయడం, పత్రికలు సర్దడం, ఇష్యూ రాయడం, పురుగు పట్టకుండా బీరువాల్లో వేపాకు మార్చడం, ఇలా. ఇరవై రెండేళ్ళ మనిషిని పదకొండు వరుసల్లో పెట్టింది.

"చదవండి మామా. నేను మరిచిపోయింది ఇంకేమన్నా ఉండాదా?"

కాగితం రెండు సార్లు చదివాను. "ఏం లేదమ్మా. అంతా ఉండాది" అన్నాను. సంతకం పెట్టించుకుంది. తనూ పెట్టింది.

మధ్యాహ్నం ఎండ ఎక్కువ.

22 సెప్టెంబరు

ఆమెకు తెలుగు లిపి రాదు! ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, బడిలో తమిళమూ ఇంగ్లీషూ చదివింది. ఈ తమిళ ఊళ్ళో మన తెలుగువాళ్ళందరి కథా ఇదే. మా ఇంట్లో నా భార్య అమ్మాయమ్మకూ రాదు. నేను ఈ నోట్‌బుక్కు గడప మీద పెట్టి వెళ్ళినా చదివే దిక్కు ఉండదు. నాకు మా నాయన బెత్తంతో నేర్పాడు కాబట్టి వచ్చింది.

"నేర్పిస్తారా మామా? తెలుగు పుస్తకాలకు కార్డులు రాయాల గదా" అని అడిగింది.

"ఈ వయసులో రాదమ్మా, చేయి తిరగదు" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. రోజంతా నా మనసు హాయిగా ఉంది. పదిహేడు వందల పుస్తకాలు ఇంకా నావే.

3 అక్టోబరు

పాత ఇష్యూ పుస్తకాలన్నీ ముందేసుకుని రెండు రోజులుగా లెక్కపెడుతూ ఉంది. ఈ రోజు అమృతవల్లమ్మ కౌంటరు దగ్గర ఉండగానే బయటపెట్టింది. అమృతవల్లమ్మ వెనక వీధిలో ఉండే టీచరమ్మ, రిటైరై ఆరేళ్ళయింది. వారానికి రెండు నవలలు తీసుకెళ్తుంది.

"అరవై ఆరులో తెలుగు పుస్తకాలు తీసకపోయినోళ్ళు నూట నలభై మంది. ఇప్పుడు పన్నెండు మంది. ఎందుకు మామా?"

"జనానికి చదువు మీద ఆశ పోయిందమ్మా. సినిమాలు."

"తమిళం తగ్గలేదే. వాళ్ళూ సినిమాలకు పోతా ఉండారు గదా."

అమృతవల్లమ్మ నడుమ దూరింది. "నేను చెప్తా పాపా. పుస్తకం పేరు తెలిస్తేనే గదా అడిగేది? బీరువా తాళమేసుంటే ఏముండాదో ఎట్ల తెలస్తాది? పేరు తప్పుగా చెప్తే ఈయన అరస్తాడు. నాకు ఈయనంటే బయం లేదు కాబట్టి వస్తాను. మిగతావోళ్ళు రారు."

ఆమెను కిందటి వారం పుస్తకం ఆలస్యంగా తెచ్చినందుకు మందలించాను. అందుకే ఆ మాట. ముసలివాళ్ళు కక్ష మరిచిపోరు.

9 అక్టోబరు

తెలుగు పుస్తకాలన్నీ పడమటి గదిలోకి మారుస్తుందట. తలుపుల్లేని అరల్లో పెడుతుందట. ఎవరైనా లోపలికి వెళ్ళి చేత్తో తీసి చూసుకోవచ్చట.

"దొంగిలిస్తారమ్మా."

"నలుగురు దొంగిలిస్తే నలుగురు చదివినట్టు గదా మామా" అని నవ్వింది. మద్రాసులో ఇదేనా నేర్పింది?

"ఆ గదే ఎందుకు?"

"పెద్దది. వెలుతురుండాది. ఊరికేనే పడుండాది. ఎందుకు ఊరికే పెట్టినారు ఇన్నాళ్ళు?"

"ఏమో. అట్లే ఉండాది" అన్నాను.

14 అక్టోబరు

మార్చడం అయింది. నేను మోయలేదు, జాబితాలో మోత లేదు. కూలీలు మోశారు. ఆమె కూడా చీర చెంగు దోపుకుని మోసింది. ఏ అరలో ఏవి పెట్టాలో మాత్రం నన్ను అడిగింది, తనకు అట్టల మీద పేర్లు చదవడం రాదు కాబట్టి. గోడ పక్కనున్న కింది అరల్లో పనికిరాని పాత రిపోర్టులు పెట్టించాను. మంచివి పైన.

ఎందుకలా పెట్టించానో రాయనక్కర్లేదు.

20 అక్టోబరు

ఈ వారంలో తెలుగు గదిలోకి ముప్పై ఒక్కమంది వచ్చారు. ఆమె కాగితం మీద గీతలు గీసి మరీ లెక్కపెట్టింది. కొత్త సరదా. పది రోజులుంటుంది.

అమృతవల్లమ్మ నేల మీద కూర్చుని ఒక్కొక్క పుస్తకం తీసి వాసన చూస్తూ ఉంది. "వీరాసామీ, ఇన్ని పుస్తకాలుండాయని ఒక్కరోజన్నా చెప్పినావా?" అంది. అందరి ముందూ.

ఈ రోజు నన్ను ఎవరూ ఏ పుస్తకమూ అడగలేదు. కౌంటరు దగ్గర కూర్చుని పత్రికకు రెండు సార్లు దారం కుట్టాను.

26 అక్టోబరు

ఏటా ఈ వారంలో నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కుతాను. పడమటి గది పైన నీళ్ళు పోయే తూము ఒకటుంది. పక్కింటి వేపచెట్టు ఆకులన్నీ అక్కడే పడతాయి. తీయకపోతే నీళ్ళు మిద్దె మీదే నిలిచి గోడ వెంబడి గదిలోకి దిగుతాయి. అరవై ఆరులో ఒకసారి దిగాయి. అప్పటినుంచీ ఆ గదిలో ఏమీ పెట్టలేదు. అప్పటినుంచీ ఏటా ఎక్కుతున్నాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చూడలేదు, ఎవరూ బాగుందనలేదు.

ఈ రోజు నిచ్చెన దాకా వెళ్ళాను.

జాబితాలో లేదు. పదకొండు పనులు. మిద్దె లేదు. డిగ్రీ ఉన్నవాళ్ళు రాసిన జాబితా.

కొంచెం నెమ్ము దిగి గోడ అడుగున చేరితే చాలు. కింది అరలోని రిపోర్టులు తడుస్తాయి. అప్పుడు తెలుస్తుంది, నంబర్లు వేసేవాళ్ళకు ఇల్లు తెలియదని. మళ్ళీ పుస్తకాలు లోపలి బీరువాల్లోకి వస్తాయి. ఎవరికీ నష్టం లేదు.

నన్నెవరూ అడగలేదు కదా.

2 నవంబరు

దీపావళి సెలవు అయిపోయింది. తుంపర. గోడ పొడిగానే ఉంది. చేత్తో తడిమి చూశాను.

7 నవంబరు

పగలంతా వాన. సాయంత్రం బయల్దేరబోతూ పడమటి గదిలోకి వెళ్ళాను. పైన మూలలో అరచేయంత మచ్చ. ఆమె కార్డులు రాసుకుంటూ ఉంది. చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో ఆమె తలెత్తకుండానే, "మామా, రేపు ఆ పత్రికలు తేదీ వరసలో పెట్టండి. నిన్న తప్పుగా పెట్టినారు" అంది.

మా అరియాంకుప్పం బస్సుకు టైమయింది. వచ్చేశాను.

8 నవంబరు

ఏటికి నీళ్ళు. వంతెన మీద బస్సులు ఆపేశారట. లైబ్రరీకి పోలేదు.

9 నవంబరు

వాన.

వంతెన దాకా నడిచి వెళ్ళాను. పోలీసువాడు వెనక్కి పంపాడు. "ఆఫీసు" అన్నాను. "కలెక్టరువా?" అన్నాడు.

అమ్మాయమ్మ అడుగుతూనే ఉంది. "ఏంది అట్ల గడపకూ వాకిలికీ తిరగతా ఉండావు? మన ఇల్లు కారలేదు గదా. ఇంగేమయింది?" అని.

"ఏం కాలేదు."

"ఆ నోట్‌బుక్కులో ఏమి రాస్తా ఉండావు?"

"వాన పడతా ఉందని."

10 నవంబరు

వాన. కింది అరలో రిపోర్టులే ఉన్నాయి. కింది అరలో రిపోర్టులే ఉన్నాయి.

11 నవంబరు

ఉదయం పది గంటలకు వంతెన తెరిచారు. పన్నెండుకు లైబ్రరీలో ఉన్నాను.

నీళ్ళు కిందినుంచి రాలేదు. పైనుంచి వచ్చాయి. మిద్దె మీద మోకాలి లోతు నిలిచి, మూల పెచ్చు ఊడి, గోడ పొడవునా పై అరల మీదికి కారాయి. మంచివి పైన పెట్టించాను. పై అరలన్నీ ముద్ద. కింది అరలో రిపోర్టులు అంచుల్లో తప్ప తడవలేదు.

ఆమె హాల్లో నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ పుస్తకాలు, మధ్య మధ్య పత్రిక కాగితాలు పెట్టి ఆరబెట్టినవి. కాళ్ళు నీళ్ళలో నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పక్కన అమృతవల్లమ్మ విసనకర్రతో పుటలకు గాలి విసురుతూ ఉంది. నన్ను చూసి అమృతవల్లమ్మే చెప్పింది. "మొన్న పొద్దున పాలకు పోతా చూస్తే తలుపు తెరిచుండాది. లోపల ఈ పాప ఒక్కతే మోస్తా ఉండాది. రెండు దినాలుగా మోస్తానే ఉండాము. వెయ్యి పైన బయట పెట్టినాము. మిగిలిండేది చేతికి రాలేదు వీరాసామీ. పట్టుకుంటే పిండి మాదిరి జారిపోయింది."

మంగళ నన్ను చూసి, "వచ్చినారా మామా. మీ ఇల్లు బాగుండాదా?" అంది.

ఆ మాట ఎందుకు అడిగింది?

12 నవంబరు

ఆదివారం. అయినా వెళ్ళాను. ఆరినవీ ఆరనివీ వేరు చేశాను. నున్నటి కాగితం పుస్తకాలు ఇటుకల్లా అతుక్కుపోయాయి. విడదీయబోతే అక్షరాలు ఒక పుట నుంచి ఇంకో పుటకు వచ్చేస్తున్నాయి. ఆరువందల పన్నెండు పోయాయి.

నేను కావాలని చేసింది కాదు. తుఫాను.

16 నవంబరు

సంఘం మీటింగు. ప్రెసిడెంటు దొరైస్వామయ్య, సెక్రటరీ సీతాపతి, ఇంకో ముగ్గురు. మమ్మల్ని ఇద్దరినీ నిలబెట్టారు.

దొరైస్వామయ్యకు ఎనభై ఏళ్ళు. చెవి సరిగ్గా వినపడదు గానీ బుర్ర బాగా పనిచేస్తుంది. "మిద్దె తూము ఏటా తీసేది ఎవరు?" అని అడిగాడు.

"నేనేనండయ్యా. ఇరవై రెండేండ్లలో పన్నెండు మార్లు ఎక్కినాను."

"ఈసారి?"

"కొత్త లిస్టులో ఆ పని లేదయ్యా. సంతకం పెట్టినప్పుడే ఈమెకు చెప్పినాను, తూము తీయాల అని. వినలేదు."

అనేశాను. మాట దానంతట అదే వచ్చింది.

మంగళ నా వైపు తిరిగింది. కోపం కూడా కాదు. లెక్క తప్పు వచ్చినప్పుడు మళ్ళీ మొదటినుంచి చూసుకుంటారే, అట్లా చూసింది. "చెప్పలేదయ్యా. ఇంకేమన్నా ఉండాదా అని నేనే అడిగినాను. ఏం లేదన్నారు."

"వీరాసామి ఇరవై రెండేండ్ల మనిషి. నువ్వొచ్చి రెండు నెలలు" అన్నాడు సీతాపతి. "పెద్దోళ్ళ మాట వినుంటే ఈ గతి పట్టేదా? నీకెందుకమ్మా ఈ గది మార్చే పని?"

దొరైస్వామయ్య నన్ను చాలాసేపు చూశాడు. నేను గోడ మీది గడియారం చూశాను.

18 నవంబరు

ఆమెను తీసేశారు. తాళాలు బల్ల మీద పెట్టి, రాసిన కార్డులు వరసగా డ్రాయర్లలో సర్ది, ప్రతి డ్రాయరుకూ చీటీ అంటించి వెళ్ళింది. తమిళం అంతా పూర్తి చేసింది. వెళ్తూ నాతో మాట్లాడలేదు. గేటు దగ్గర వాళ్ళ నాన్న స్కూటరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్దమనిషి నాకు నమస్కారం పెట్టాడు, పాపం, ఏమీ తెలియక.

20 నవంబరు

ఇన్‌చార్జి లైబ్రేరియన్. కాగితం ఇచ్చారు. కుర్చీ మళ్ళీ కిటికీ దగ్గరికి జరిపించాను.

21 నవంబరు

బాగానే ఉంది.

25 నవంబరు

అమృతవల్లమ్మ రావడం మానేసింది. పుస్తకం తిరిగి ఇవ్వాల్సిన తేదీ దాటింది. మనిషిని పంపాలా?

27 నవంబరు

స్టాకు రిజిస్టరు ముందేసుకున్నాను. పోయిన ప్రతి పుస్తకాన్నీ ఎర్ర సిరాతో కొట్టేయాలి. నంబరు, పేరు, రాసినవారు, ఎప్పుడు వచ్చింది, చివరి గడిలో తొలగించిన కారణం. అన్నీ నా దస్తూరీయే. పేరు చదవగానే అట్ట రంగు కళ్ళ ముందు నిలుస్తుంది, ఎవరు తీసుకెళ్ళారో, ఎవరు పుట మడిచి తెచ్చి తిట్లు తిన్నారో కూడా. ఈ రోజు నలభై కొట్టాను. కారణం గడిలో "వాన" అని రాశాను. నలభై సార్లు.

30 నవంబరు

నూట అరవై. వాన, వాన, వాన.

2 డిసెంబరు

సీతాపతి వచ్చాడు. రిజిస్టరు చూసి పెదవి విరిచాడు.

"వాన అని రాసినావేంది? పాఠకులు లేరు కాబట్టి తీసేసినాము అని రాయి. అన్నిటికీ."

"వానకు పోయినాయి గదయ్యా."

"పోయింది పోయింది. మిగిలిండేవి గూడా ఎవురు చదవతారు? మా ఇంట్లో ఒక్కరికి తెలుగు చదివేదానికి రాదు. నీ ఇంట్లో వస్తాదా? పాఠకులు లేరని రాస్తే పడమటి గది ఖాళీ అవతాది. టైపు క్లాసులు పెడదాము. పిల్లోళ్ళకు ఉద్యోగాలన్నా వస్తాయి. మిగిలిండే వెయ్యి కట్టగట్టి యాడన్నా ఇచ్చేద్దాము."

"పాఠకులుండారయ్యా. అక్టోబరులో ఒక్క వారానికి ముప్పై ఒక్కమంది వచ్చినారు."

"అది ఆ పాప లెక్క గదా. ఆ పాప అబద్ధాలకోరని నువ్వే చెప్పితివే."

నేను అలా అనలేదు. అట్లా అనలేదు. చెప్పాను, వినలేదు అన్నాను. అంతే.

"వీరాసామీ, నీకు పని ఉండాది, కుర్చీ ఉండాది. ఇంగేంది?" అని వీపు తట్టి వెళ్ళాడు. ఆ చెయ్యి పడిన చోటు ఇంకా జిడ్డుగా ఉన్నట్టుంది.

3 డిసెంబరు

సంఘం నిబంధనల పుస్తకం తీసి చదివాను. పద్నాలుగో నిబంధన. పాఠకులు లేక తొలగించిన పుస్తకాలకు బదులు కొనక్కర్లేదు, ఆ గది కమిటీ ఇష్టం. ప్రకృతి వల్ల పోయినా కమిటీ ఇష్టమే. ఉద్యోగి తప్పు వల్ల పోతే మాత్రం అదే భాషలో అన్ని పుస్తకాలూ ఏడాదిలోగా సంఘం తెచ్చి పెట్టాలి, ఆ విభాగం మూయరాదు. పాతకాలం పెద్దలు, ఉద్యోగుల మీద నమ్మకం లేనివాళ్ళు, రాసి పెట్టారు.

"ఆర్. మంగళ తప్పు" అని రాస్తే చాలు. ఆమె ఎలాగూ వెళ్ళిపోయింది. పుస్తకాలు నిలుస్తాయి. నా కుర్చీ నిలుస్తుంది. సీతాపతి నోరు మూతపడుతుంది.

ఇంత సులువైన దారి నిన్ననే ఎందుకు తట్టలేదు?

4 డిసెంబరు

కలం పట్టుకుని కూర్చున్నాను. "ఆర్." అని రాశాను. సిరా ఆరిపోయింది.

తప్పు ఏమిటో కూడా రాయాలి కదా, తేదీతో సహా. పనుల జాబితా ఏ తేదీన ఇచ్చిందో చూద్దామని ఈ నోట్‌బుక్కు వెనక్కి తిప్పాను. సెప్టెంబరు పదహారు.

నేనే రాసుకున్నాను. నా దస్తూరీ. "నేను మరిచిపోయింది ఇంకేమన్నా ఉండాదా?" అని ఆమె అడిగింది. ఏం లేదన్నాను. కింద ఎండ గురించి రాసుకున్నాను.

అడగలేదు, అడగలేదు అని ఇన్ని రోజులుగా రాస్తున్నాను. అడిగింది.

నిజం చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఆమె మీద ప్రేమేమీ లేదు. నా కుర్చీ జరిపింది. నా తలకాయలోని లైబ్రరీని డ్రాయర్లలోకి దించింది. అమృతవల్లమ్మ చేత నన్ను అనిపించింది. కానీ పుస్తకాలు మోసింది ఆమె. ముంచింది నేను.

5 డిసెంబరు

ఆరువందల పన్నెండు వరుసలూ పూర్తి చేశాను. ముందు రాసిన "వాన"లు కొట్టేశాను. అన్నిటికీ ఒకే కారణం. "అసిస్టెంటు సి. వీరాసామి మిద్దె తూము తెలిసీ తీయలేదు, తెలిసీ చెప్పలేదు."

మొదటి యాభైకి ఒక్కొక్క పుస్తకం పేరూ చదువుతూ రాశాను. తర్వాత చెయ్యి నొప్పి తప్ప ఇంకేమీ తెలియలేదు.

రిజిస్టరు తీసుకుని నేరుగా దొరైస్వామయ్య ఇంటికి నడిచాను. సీతాపతి చేతికి ఇస్తే ఆ పుటలు చిరిగిపోతాయి. పెద్దాయన భూతద్దం పెట్టి ఒక పుట మొత్తం చదివాడు. ఆయన తెలుగు చదవగల కొద్దిమందిలో ఒకడు.

"మీటింగులో ఆ పాపను నిలబెట్టి మాట్లాడినావే."

"ఔనయ్యా."

"ఇప్పుడెందుకు తెచ్చినావు? సీతాపతి మీద కోపమా?"

"సగం అదేనయ్యా."

"మిగతా సగం?"

ఆయన రిజిస్టరు మూసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. "పో. రేపటినుంచి రాబాక" అన్నాడు. కూర్చోమని కూడా అనలేదు.

6 డిసెంబరు

ఇంట్లో చెప్పాను. అమ్మాయమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"ఆ పాపకు పెండ్లయిందా?"

"లేదు."

"ఉద్యోగం పోగొట్టుకున్న ఆడబిడ్డ అని ఊరంతా పేరు పెట్టినావు. మూడు వారాలు నా చేతి అన్నం తింటా ఒక్క మాట చెప్పలేదే నువ్వు."

ఈ రోజు నాతో మళ్ళీ మాట్లాడలేదు. అన్నం పెట్టింది, చప్పుడు చేస్తూ.

10 డిసెంబరు

నిన్న కమిటీ కూడిందని బజారులో తెలిసింది. నన్ను తొలగించడమైనది. తెలుగు గది ఉంటుంది, పుస్తకాలు తెప్పిస్తారు. మిద్దె మూల పూత వేయిస్తున్నారు. దొరైస్వామయ్య స్వయంగా రిక్షాలో రెడ్డియార్‌పాళయం వెళ్ళి ఇనుప కొట్టు ముందు దిగాడట. ఆ పిల్ల తిరిగి పనిలోకి రావడానికి గంటసేపు ఒప్పుకోలేదట. సీతాపతి నన్ను చూసి రోడ్డు అవతలికి దాటాడు.

14 డిసెంబరు

ఇంట్లో మిగిలిపోయిన ఒక తాళంచెవి ఇవ్వడానికి వెళ్ళాను. మనిషి చేత పంపించవచ్చు. నేనే వెళ్ళాను.

మంగళ కొత్త కార్డుల కట్ట విప్పుతూ ఉంది. తాళంచెవి బల్ల మీద పెట్టాను. ఆమె తీసుకోలేదు, నెట్టలేదు.

"మంగళమ్మా..." అన్నాను.

"అడగబాకండి" అంది. గొంతు పెంచలేదు. "మీరు పెద్దోళ్ళు. మీరొచ్చి మన్నించమంటే, సరే అనాల. మా నాయన అట్లనే పెంచినాడు. నాకు అనేదానికి ఇష్టం లేదు. మా ఇంటికి చుట్టాలొచ్చి, ఏంది నీ కూతురు సంఘం సొత్తు ముంచిందంట అని మా నాయన్ను అడిగినారు. ఆయన కొట్టు రెండు దినాలు తెరవలేదు. అది మీరు ఏ రిజిస్టర్లో కొట్టేస్తారు?"

నిలబడ్డాను. మామా అనలేదని అప్పుడు గమనించాను.

"ఇంగోటి. మీరు నా కోసరం రాయలేదు. సెక్రటరీ మీద పంతానికి రాసినారు. ప్రెసిడెంటయ్య చెప్పినాడు."

"సగం" అన్నాను.

"సగం పెట్టుకోని నేనేమి చేసేది?"

తిరిగి గేటు దాకా వచ్చాను. అప్పుడు వెనకనుంచి పిలిచింది. పేరు పెట్టి కాదు. "ఇదో చూడండి" అంది.

"తెలుగు పుస్తకాలు వెయ్యి ఎనభై ఎనిమిది మిగిలినాయి. ఒక్కదానికీ కార్డు లేదు. అట్ట మీద పేరు చదివేదానికి నాకు మనిషి కావాల. అమృతవల్లమ్మకు కండ్లు సరిగా ఆనవు. సోమవారం పది గంటలకు రండి. ఉద్యోగం కాదు, ఏమీ కాదు. పేరు చదవండి, రాసినోళ్ళ పేరు చదవండి. వేరే మాట వద్దు."

ఆమెకు నేను కావాలి. ఇది రాస్తున్నప్పుడు కొంచెం గర్వం కూడా తోసుకొచ్చింది. దాన్నీ రాసి పెడుతున్నాను.

18 డిసెంబరు

తొమ్మిదిన్నరకే వెళ్ళి గేటు బయట నిలబడ్డాను.

పడమటి గదిలో సున్నం వాసన. బల్లకు ఒకవైపు ఆమె, ఒకవైపు నేను, మధ్యలో పుస్తకాల దొంతర. నేను పేరు చదివాను. ఆమె కార్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. తర్వాత పుస్తకాన్ని నా వైపు తిప్పి, "ఇంగోసారి" అంది. మళ్ళీ చదివాను. రెండో పుస్తకానికీ అంతే. మూడోదానికీ అంతే. రెండుసార్లూ ఒక్కలాగే చెప్పానా లేదా అని రాసుకున్నదాని మీద వేలు పెట్టి చూసుకుంటోంది.

పదో పుస్తకం దగ్గర, "నేను సరిగానే చదవతా ఉండానమ్మా" అన్నాను.

"వేరే మాట వద్దన్నాను గదా" అంది, తలెత్తకుండా.

పదకొండోది చేతిలోకి తీసుకున్నాను. పేరు చదివాను. ఆమె రాసుకునేదాకా ఆగి, ఆమె అడగకముందే, అదే పేరు మళ్ళీ మొదటినుంచి చదివాను.